అన్నం మానేయమంటున్నారు సరే, కూర ఎవరు పెడతారు? (పేట నుంచి – 23)



పోయిన భాగంలో హాస్టల్ మెస్సుల గురించి రాశాక మెసెంజర్‌లో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. అమలాపురంలో డిగ్రీ చదివే తమ్ముడొకడు, "అన్నా, అన్నం మానేస్తే మంచిదంట కదా, మా హాస్టల్లో అన్నం తప్ప ఇంకేం ఉండదు, నేనేం తినాలి?" అన్నాడు. రాజోలు వైపు నుంచి ఒక చెల్లి, "అమ్మకి షుగర్ వచ్చిందన్నా. బియ్యం విషం అని ఫోన్లో ఎవరో చెప్పారు. రేషన్ బియ్యం అమ్మేసి గోధుమ పిండి కొనమంటావా?" అని రాసింది. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే కంటే అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నా. కాస్త పొడుగే. ఓపిగ్గా చదవండి.

ముందే నా మాట చెప్పేస్తాను. అన్నం మన శత్రువు కాదు. పళ్ళెంలో అన్నం తప్ప ఇంకేమీ లేకపోవడమే మన జబ్బు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు మనకి ఆరోగ్యం చెబుతున్నామనుకుంటూ ఆకలి చెబుతున్నారు. అలాగని "మా తాతలు కుంచం అన్నం తిని వందేళ్ళు బతికారు" అని మీసం తిప్పేవాళ్ళ మాటా నేను నమ్మను. మన తాతలెవరూ వందేళ్ళు బతకలేదు. పేటలో వయసు లెక్కేసి చూడండి, తెలుస్తుంది.

సైన్సు సంగతి క్లుప్తంగా చూద్దాం. కార్బోహైడ్రేట్లంటే పిండి పదార్థాలు, చక్కెరలు, పీచు. అన్నంలోని పిండి కడుపులో విడిపోయి గ్లూకోజ్ అవుతుంది. మెదడు రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. కండరాలు కొంత దాచుకుని బరువు పని చేసేటప్పుడు ఖర్చు పెడతాయి. నాట్లు వేసే మనిషికి, కొబ్బరి దింపు తీసే మనిషికి, ఇటుక బట్టీలో పనిచేసే మనిషికి ఇది ఇంజన్లో డీజిల్ లాంటిది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మనిషికి రోజుకి 130 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. మోతాదు దాటి, పైగా పీచు లేకుండా లోపలికి వెళితే, ఆ గ్లూకోజ్ రక్తంలోకి ఒక్కసారిగా దూకుతుంది. ఇన్సులిన్ దాన్ని సర్దలేక అలసిపోతుంది. అదే ఏళ్ళ తరబడి జరిగితే షుగర్.

వంద గ్రాముల పాలిష్ బియ్యంలో 78 గ్రాముల దాకా పిండే ఉంటుంది. రాజోలు చెల్లికి జవాబు కూడా ఇక్కడే ఉంది. గోధుమ పిండి కూడా పిండే తల్లీ. పీచు కొంచెం ఎక్కువుంటుంది, అది మంచిదే. కానీ నాలుగు చపాతీలు పంచదార టీలో ముంచుకు తింటే అమ్మ షుగర్ తగ్గదు. బియ్యం అమ్మి పిండి కొంటే లాభపడేది మధ్యలో ఉన్న దళారీ ఒక్కడే.

ఇప్పుడు మన డెల్టాకి వద్దాం. షుగర్ పట్నం వాళ్ళ రోగమని, మేడల్లో ఉండేవాళ్ళ రోగమని చాలాకాలం అనుకున్నారు. 2006లో ఒక అధ్యయనం అచ్చయింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి పరీక్షలు చేస్తే 13 శాతం మందికి షుగర్ ఉంది. వాళ్ళలో దాదాపు సగం మందికి తమకి షుగర్ ఉందనే తెలియదు. అదే బృందం ఈ రెండు జిల్లాల్లో 45 పల్లెల్లో చావుల కారణాలు లెక్క కడితే, మూడింట ఒక చావు దాకా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. 2023లో దేశమంతా తీసిన లెక్కలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. అదే సర్వే బృందం 2025లో ఇంకో విషయం చెప్పింది. మన దేశంలో మనిషి తినే శక్తిలో 62 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే వస్తోంది. అందులో ఎక్కువ భాగం పాలిష్ బియ్యం, మర పిండి, పంచదార. కొంచెం తగ్గించి ఆ జాగాలో పప్పో పాలో పెడితే షుగర్ ముప్పు తగ్గుతుందని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

కాబట్టి అన్నం తగ్గించమనే మాటలో నిజం ఉంది. దాన్ని కొట్టిపారెయ్యడం తెలివి కాదు. నేను అడిగేదల్లా ఆ తగ్గించిన జాగాలో ఏం పెడతారు, ఎవరు పెడతారు అని.

2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ రెండు తెలుగు రాష్ట్రాలనీ ఊపేసింది. అన్నం, పప్పు, పళ్ళు, పంచదార బంద్. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అదీ కొబ్బరి నూనో నెయ్యో. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. పైన సూపులు, గుడ్లు, మాంసం. బరువు తగ్గినవాళ్ళున్నారు, కొన్నాళ్ళు షుగర్ దిగినవాళ్ళున్నారు. డాక్టర్లు అభ్యంతరాలు చెప్పారు, టీవీల్లో గంటల కొద్దీ వాదనలు నడిచాయి. పిండి బాగా తగ్గిస్తే కొన్ని నెలల పాటు రక్తంలో చక్కెర తగ్గుతుందన్నది వైద్యశాస్త్రం ఒప్పుకునే మాటే. అయితే ఏళ్ళ తరబడి ఏమవుతుందన్నది వేరే కథ. అమెరికాలో 15 వేల మందికి పైగా మనుషుల్ని పాతికేళ్ళ పాటు గమనించి 2018లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో ఫలితాలు అచ్చేశారు. శక్తిలో కార్బోహైడ్రేట్ వాటా 50 నుంచి 55 శాతం ఉన్నవాళ్ళలో చావు ముప్పు అన్నిటికంటే తక్కువ. మరీ ఎక్కువ తిన్నవాళ్ళకీ ముప్పు పెరిగింది, మరీ తక్కువ తిన్నవాళ్ళకీ పెరిగింది.

మన పేట వైపు నుంచి ఆ డైట్ చూడండి. కొబ్బరి నూనె రోజుకి వంద గ్రాములంటే నెలకి మూడు కిలోలు, ఒక్క మనిషికి. కోనసీమంతా కొబ్బరి చెట్లే కదా అంటారు. చెట్టు ఎవరిది? దింపు తీసేది మనం, ఒలుపు ఒలిచేది మనం, కాయ ఎక్కేది ఇంకొకరి లారీ. మన ఇళ్ళలో కూరకి పోసేది ప్యాకెట్ పామాయిలు, అదీ గరిటెడు. నెయ్యి సంగతి ఎత్తకండి. పైగా ఆ పద్ధతి పాటించే మనిషి రోజంతా వరి చేలో వంగి ఉండే మనిషి కాదు. తిండిని లెక్కపెట్టుకునే తీరిక, రక్తపరీక్షలకి డబ్బు, సూపు కాచి ఇచ్చే మనిషి, ఇవన్నీ ఉన్నవాళ్ళ కోసం తయారైన పద్ధతి అది. వాళ్ళకి పనికొస్తే సంతోషం.

మా పక్క పేటలో ఒక వదిన ఉంది. నాట్ల ముఠాలో పనిచేస్తుంది. షుగర్ మాత్రలు వాడుతోంది. రాత్రి అన్నం మానేయమని నలుగురూ చెబితే మానేసింది. మానేసి ఏం తింది? ఏమీ తినలేదు. ఒక అరటిపండు, గ్లాసుడు మంచినీళ్ళు. పొద్దున్నే మాత్ర వేసుకుని చేలో దిగింది. పదింటికల్లా చెమటలు పట్టి, చేతులు వణికి, గట్టు మీద కూలబడిపోయింది. పక్కనున్నావిడ సంచిలో బెల్లం ముక్క ఉండబట్టి సరిపోయింది. నేను చూడ్డానికి వెళితే, "తప్పు నాదే మరిదీ, ఒంటికి అలవాటవ్వాలి కదా" అంది. నాకు ఏడుపొచ్చింది. తప్పు ఆవిడది ఎలా అవుతుంది? కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్, తిండి పడినా పడకపోయినా చక్కెరని కిందికి లాగుతాయి. దానికి కష్టం తోడైతే మనిషి పడిపోతుంది. ఈ సంగతి చెప్పకుండా "అన్నం మానెయ్యి" అని మాత్రం చెప్పడం నేరం. ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి. డాక్టర్‌ని అడిగి మాత్ర మోతాదు మార్చుకోకుండా అన్నం ఒక్కసారిగా మానొద్దు. పనిలోకి వెళ్ళేటప్పుడు కొంగున బెల్లమో చాక్లెట్టో కట్టుకుని వెళ్ళమనండి.

ఇప్పుడు కొంచెం చరిత్ర. ఇది మన పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

అన్నం వల్ల జబ్బు రావడం ఈ తీరానికి కొత్త కాదు. రెండొందల ఏళ్ళ కిందట ఉత్తర సర్కారు జిల్లాలంటే, అంటే గంజాం నుంచి విశాఖ, గోదావరి, కృష్ణా దాకా ఉన్న మన తీరమంటే, డాక్టర్లకి గుర్తొచ్చే పేరు బెరిబెరి. కాళ్ళు మొద్దుబారతాయి, ఒళ్ళు వాస్తుంది, చివరికి గుండె ఆగిపోతుంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన మాల్కమ్‌సన్ ఈ జబ్బు మీద రాసిన పుస్తకం 1835లో మద్రాసులో అచ్చయింది. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. గాలి అన్నారు, తేమ అన్నారు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్ళకి పాలిష్ బియ్యం పెడితే జబ్బు రావడం, తవుడు కలిపితే తగ్గిపోవడం చూశాడు. తవుడులో ఉన్నది విటమిన్ బి1 అని తర్వాత తేలింది. 1929లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1918లో కూనూరులో మెకారిసన్ ఈ బెరిబెరి మీదే ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి 1958లో హైదరాబాద్‌కి మారింది. ఇవాళ మనం ఎన్ఐఎన్ అనే సంస్థ పుట్టింది పాలిష్ బియ్యం తెచ్చిన జబ్బు లోంచే.

దీన్ని కులం కళ్ళద్దాలతో ఒకసారి చూడండి. వడ్లు దంచితే వచ్చేది ముడి బియ్యం. దాన్ని ఇంకా తెల్లగా పాలిష్ పడితే తవుడు పోతుంది. తవుడుతో పాటు బి1లో ఎక్కువ భాగం పోతుంది, పీచు పోతుంది. ఆ తవుడు వెళ్ళేది ఆసామి గేదెల కుడితిలోకి. తెల్లన్నం వండి గంజి వారిస్తే మిగిలిన విటమిన్లు గంజిలోకి దిగుతాయి. ఆ గంజి పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డ మన అమ్మమ్మల ముంతల్లోకి వచ్చేది. తెలుపే గొప్ప అనుకున్న పళ్ళెంలో పిండి మిగిలింది. నీచం అనుకున్న ముంతలోకి మందు వచ్చింది.

ఇది చదివి గంజికి గుడి కట్టకండి. గంజి తాగి మనవాళ్ళు బలంగా ఉన్నారని నేను అనడం లేదు. గంజి మాత్రమే తాగారు కాబట్టి బక్కచిక్కిపోయారు. బాబాసాహెబ్ 1927లో మహద్‌లో మనవాళ్ళకి చెప్పింది ఎంగిలి మెతుకులు ముట్టొద్దని, చచ్చిన గొడ్డు మాంసం మానమని. పెరటి గుమ్మం దగ్గర చేయి చాచి తెచ్చుకున్న తిండిలో ఎన్ని విటమిన్లున్నా అది మనిషి తిండి కాదు. ఈ మధ్య "దంపుడు బియ్యం", "చద్దన్నం" అని ఆర్గానిక్ షాపుల్లో అందంగా ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. దంచి దంచి చేతులు కాయలు కాసింది ఎవరికో ఆ ప్యాకెట్ మీద రాయరు. రోకలి మళ్ళీ పట్టుకోమని నేను అనను. మిల్లులోనే పాలిష్ తగ్గించొచ్చు. దానికి కరెంటు ఆదా, బియ్యం ఆదా కూడా.

మరి మనవాళ్ళకి తెల్లన్నం మీద అంత మోజెందుకు? పాలేరుతనం గుర్తు తెచ్చుకోండి. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు "పాలేరు" అనే నాటకం రాశారంటే ఆ బతుకు ఈ నేల మీద ఎంత మామూలో అర్థం చేసుకోండి. జీతం గింజల్లో. కొలిచేవాడి చేతిలో కుంచం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా వరి పండింది. పండించిన పేటకి మాత్రం కోతల కాలంలో నిండుగా, మిగతా నెలల్లో కొరతగా అన్నం దొరికేది. కొరత రోజుల్లో కందదుంప, పెండలం, చిలగడదుంప, తాటితేగలతో కడుపు నింపుకున్నారు. వాళ్ళకి కడుపు నిండా తెల్లన్నం ఒక కల. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మన ముసలమ్మలు ఆయన ఫొటో గోడకి ఎందుకు తగిలించారో పోషకాహార నిపుణులకి అర్థం కాదు. ఆసామి గడప తొక్కకుండా పొయ్యి వెలిగించుకునే హక్కు అది. కూలి బేరం ఆడే బలం అది. అందుకే రేషన్ బియ్యాన్ని ఎవరైనా "సోమరిపోతుల బియ్యం" అంటే నేను ఊరుకోను.

కానీ నలభై ఏళ్ళు దాటాయి. ప్రభుత్వం ఇంకా అక్కడే ఆగిపోయింది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకి 5 కిలోలు. 2023 నుంచి అదీ ఉచితం. లెక్క కట్టండి. రోజుకి 167 గ్రాములు. అంటే సుమారు 590 కేలరీలు, 13 గ్రాముల ప్రొటీను. బరువు పని చేసే మగ మనిషికి ఎన్ఐఎన్ లెక్క ప్రకారం కావాల్సింది 3470 కేలరీలు, 54 గ్రాముల ప్రొటీను. ఆడ మనిషికి 2720 కేలరీలు, 46 గ్రాములు. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలో డబ్బులుంటే పప్పు, గుడ్డు, చేప. లేకపోతే బజార్లో ఇంకో పది కిలోల బియ్యం, ఒక పచ్చడి. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కడుపు నింపేది పిండి కాబట్టి పేదవాడి పళ్ళెం పిండితో నిండుతుంది. అది వాడి నాలుక రుచి కాదు, వాడి జేబు చేసిన నిర్ణయం.

ఇంకో సంగతి. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి సరిపోక తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బు ముప్పు ఎక్కువని చాలా దేశాల్లో చూశారు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మన పిల్లలు పుట్టుకలో సన్నగా ఉన్నా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ ఉంటుందని చూపించింది. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అలాంటి ఒంటికి పిండిని సర్దుకునే శక్తి తక్కువ. అంటే నిన్నటి ఆకలి ఇవాళ షుగరై తిరిగొస్తోంది. మన అమ్మమ్మ తినని పప్పుకి మనం వడ్డీ కడుతున్నాం. దీన్ని "లైఫ్ స్టైల్ జబ్బు" అంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ స్టైల్ మనం ఎప్పుడు ఎంచుకున్నాం?

డబ్బుతో కొనకుండా మన పళ్ళెంలోకి వచ్చేవి కొన్ని ఉండేవి. కాలవలో జెల్లలు, మట్టగిడసలు, చేలో నత్తలు, పీతలు, గట్ల మీద పొన్నగంటి కూర, తోటకూర. సంతలో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు. పెద్ద కూర. ఇవన్నీ ప్రొటీను, ఇనుము, కాల్షియం. వీటిని తిన్నందుకే మనల్ని ముక్కు మూసుకుని చూశారు. ఇప్పుడు చేలల్లో పురుగుమందు, కాలవల్లో ప్లాస్టిక్కు. తీరం పొడవునా, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మలికిపురం వైపు వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. రొయ్య విదేశాలకి పోతుంది, ఉప్పునీరు మన బోరుకి వస్తుంది. వరి కూలి పోయింది, గట్టు మీద ఆకుకూర పోయింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు ఖాళీగా వదిలేసినప్పుడు దేశమంతా మాట్లాడింది. మద్దతు ధర గురించి మాట్లాడారు, న్యాయమే. ఆ సీజన్‌లో నాట్లు లేని కూలి పొయ్యి మీద ఏం ఉడికిందో అడిగినవాళ్ళు తక్కువ.

పోయిన జాగాలోకి ఏం వచ్చింది? పేటలో ఏ బడ్డీ కొట్టు ముందైనా నిలబడి చూడండి. వేలాడే చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్లు, కూల్ డ్రింకులు. అన్నీ మైదా, పంచదార, పామాయిల్. అయిదు రూపాయలకి పిల్లాడి ఏడుపు ఆగుతుంది. కార్బోహైడ్రేట్ల మీద యుద్ధం చేయాలంటే ముందు ఇక్కడ మొదలుపెట్టాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది. భౌగోళిక గుర్తింపు. వేడి కుండ మీద బియ్యప్పిండి రేకులు తీసే ఆడవాళ్ళ చేతి పనికి గౌరవం దక్కడం సంతోషమే. షుగర్ డాక్టర్లు ఇంకో జీఐ గురించి చెబుతారు. గ్లైసీమిక్ ఇండెక్స్. తిన్నది ఎంత వేగంగా చక్కెరగా మారుతుందో చెప్పే కొలత. పూతరేకు పండక్కి ఒకటి తింటే ఎవరికీ ఏమీ కాదు. రోజూ నాలుగు టీలు, ఒక కూల్ డ్రింకు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు తినే పిల్లాడి గురించి నా బెంగ.

ఈ రెండో జీఐ దగ్గరే సన్నబియ్యం రాజకీయం కూడా మాట్లాడుకోవాలి. 2025లో తెలంగాణలో రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టారు. మన దగ్గర అదే ఏడాది బడి భోజనానికి, హాస్టళ్ళకి సన్నబియ్యం ఇచ్చారు. పురుగుల బియ్యం, వాసనొచ్చే బియ్యం తిన్న పిల్లలకి మంచి బియ్యం పెట్టడం గౌరవం. నేను దాన్ని స్వాగతిస్తున్నా. కానీ సన్నం వేరు, బలం వేరు. వశిష్ఠ అవతల మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం, మనం "రేషన్ బియ్యం" అని మొహం చిట్లించే ఆ లావు బియ్యం, 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలు పరీక్షించినప్పుడు తక్కువ గ్లైసీమిక్ ఇండెక్స్ ఉన్న రకాల్లో తేలింది. మన నేల పక్కనే పుట్టిన, మనం నాటిన గింజ నెమ్మదిగా అరిగే మంచి గింజ. దాన్ని మిల్లులో అద్దంలా రుద్ది, విటమిన్లు తీసేసి, తర్వాత ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు కొంచెం కలిపి "ఫోర్టిఫైడ్" అని తిరిగి ఇస్తూ వచ్చారు. ముందు తీయడమెందుకు, తర్వాత కలపడమెందుకు? పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టే ఖర్చు తప్పించుకోవడానికి దొరికిన దారి అది.

ఎన్ఐఎన్ 2024లో ఇచ్చిన పళ్ళెం లెక్క చూడండి. తేలిక పని చేసే మనిషి రోజుకి తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దు. ధాన్యం 250 గ్రాముల దాకా, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పళ్ళు 100 గ్రాములు. ఇది గోడ మీద అంటించే బొమ్మ కాదు, మన డిమాండ్ల పత్రం. అందులో ప్రభుత్వం మనకి ఇస్తున్నది మొదటి గీత ఒక్కటే, అదీ పూర్తిగా కాదు.

బాబాసాహెబ్‌కి కూడా షుగర్ ఉంది. లండన్‌లో చదువుకునే రోజుల్లో అర్ధాకలితో గడిపిన మనిషి, రాజ్యాంగం రాసే రోజులకి షుగర్‌తో, కాళ్ళ నొప్పులతో బాధపడ్డాడు. 1948లో ఆయన పెళ్ళాడిన సవితమ్మ స్వయానా డాక్టరు. ఆయన తిండినీ మందునీ ఆవిడ చూసుకుంది. 1954లో నెలల తరబడి మంచం పట్టాడు, చూపు తగ్గింది. అరవై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. 2022లో ఆయన పేరు మన జిల్లాకి పెడితే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు నిలబెట్టుకున్నాం. ఆ పేరున్న జిల్లాలో మన అమ్మలు అరవై దాటకుండా అదే జబ్బుతో కాళ్ళు, కళ్ళు, కిడ్నీలు పోగొట్టుకుంటుంటే, జయంతికి దండ వేసి ఊరుకుందామా?

ఇక చేయాల్సిన పని. ముందు ఇంట్లో.

అన్నం మానకండి. అన్నం ముద్ద చిన్నది చేసి కూర, పప్పు పెంచండి. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే చక్కెర అంత వేగంగా పెరగదు. బరువు పని ఉన్న రోజు అన్నం ఎక్కువ తినడం తప్పు కాదు, పని లేని రోజు అంతే తినడం అనవసరం. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోండి. దొరికితే ఒక పట్టు ముడి బియ్యం తీసుకోండి. వారానికి రెండు మూడు పూటలు చోళ్ళ అంబలి, కంద, శనగలు పెట్టుకోండి. ఎండు నెత్తళ్ళని చూసి సిగ్గుపడకండి. టీలో పంచదార సగం చేయండి. కూల్ డ్రింకు ఇంటికి తేవద్దు. ముప్పై దాటిన ప్రతి మనిషినీ పీహెచ్‌సీకి తీసుకెళ్ళి షుగర్, బీపీ చూపించండి.

తర్వాత బయట. ఇది హాస్టల్ పిల్లలకి. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో బడి భోజనానికి పెట్టారు. పెట్టమనే నేనూ అంటాను, ఆకలికి కులం చూడకుండా వండి పెట్టిన మనిషి అని చెబుతారు కాబట్టి. ఆ పేరుకి తగ్గ పళ్ళెం ఉందో లేదో మీరు కొలవాలి. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు మీ మెస్సులో తలకి ఎంత బియ్యం, ఎంత కందిపప్పు, ఎన్ని గుడ్లు, ఎంత కూరగాయ వండారో నోట్ పుస్తకంలో రాయండి. గోడ మీద మెనూ బోర్డు ఫొటో పక్కన మీ లెక్క పెట్టండి. సాంబార్‌లో పప్పు ఎక్కడుందో వెతకండి. లెక్కలు లేవంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు ఎలా రాయాలో నేను చెబుతా. రాజోలు, కొత్తపేట, అమలాపురం మూడు చోట్ల నుంచి పది హాస్టళ్ళ లెక్కలొస్తే కలెక్టర్ దగ్గరికి కలిసి వెళదాం.

అడగాల్సినవి నాలుగే. రేషన్‌లో ప్రతి నెలా, ప్రతి కార్డుకీ తలకి సరిపడా పప్పు. అంగన్‌వాడీ నుంచి కాలేజీ హాస్టల్ దాకా రోజూ గుడ్డు, తినేవాళ్ళకి వారానికి రెండు సార్లు చేప. తక్కువ పాలిష్ పట్టిన బియ్యం, కావాలనుకున్నవాళ్ళకి చోళ్ళు. ప్రతి పేటలో నెలకి ఒకసారి షుగర్ పరీక్ష, మందు అక్కడే.

ఎవరైనా మీతో "మీవాళ్ళు అన్నం ఎక్కువ తింటారు, అందుకే రోగాలు" అంటే గొడవ పడొద్దు. ఈ లెక్కలు చెప్పండి. 5 కిలోల లెక్క చెప్పండి. వాళ్ళ ఇంట్లో నెలకి పప్పెంత, పాలెంత, మాంసమెంత అని నెమ్మదిగా అడగండి.

వచ్చే భాగంలో రొయ్యల చెరువులు, మంచినీళ్ళ గురించి రాస్తాను. అల్లవరం, కాట్రేనికోన వైపు మిత్రులు మీ బోరు నీళ్ళ ఫొటోలు, ట్యాంకరు ఎన్ని రోజులకోసారి వస్తుందో వివరాలు ఈ లోపు పంపండి.

జై భీమ్.